అతుకు దగ్గర జానెడు

కాశిబుగ్గ, వరంగల్
12 జులై 1978

సుగుణా,

నెక్కొండలో వానలు ఎట్లా ఉన్నాయో గాని, మా ఇంట్లో మాత్రం నాలుగు రోజులుగా పిడుగులే. నీ క్షేమం తర్వాత అడుగుతాను, ముందు ఈ సంగతి విను.

హనుమకొండ సేటు తన కొత్త కల్యాణ మండపానికి జంపఖానా చెప్పాడు కదా. ఒక్క మగ్గానికి పట్టనంత వెడల్పు కాబట్టి రెండు ముక్కలుగా నేసి నడుమ కుట్టాలనుకున్నారు. ఎడమ ముక్క ముందరింట్లో మీ అన్న మగ్గం మీద, కుడి ముక్క వెనక కొట్టంలో పాండు మగ్గం మీద. నీలం మీద ఒక ఎర్రపట్టె కింది మూల నుంచి ఎదురుగా పై మూలకు ఏటవాలుగా పోవాలి. పాండు ముక్కలో ఎరుపు ఎక్కడ మొదలుపెట్టాలో ఎండాకాలం సెలవుల్లో వచ్చినప్పుడు నువ్వే లెక్క చెప్పిపోయావు.

మొన్న రెండు ముక్కలూ దించి వాకిట్లో పక్కపక్కన పరిచాము. మీ అన్న పట్టె అతుకు దాకా వచ్చి ఆగింది. పాండు పట్టె జానెడు పైన మొదలైంది. సేటు చూసి, "గిది పరిస్తే పెండ్లికొచ్చినోళ్లు నవ్వుతరు" అని చెప్పులు తొడుక్కొని పోయాడు.

మీ అన్న "లెక్క తప్పినవ్ రా" అన్నాడు. "అక్క చెప్పిన కాడ్నే మొదలువెట్టిన" అన్నాడు పాండు. "అక్క లెక్క తప్పదు. నువ్వే నడుమ యాడనో మర్సినవ్" అని ఈయన.

రెండు ముక్కలూ ఒకే పొడుగు రావాలని కొలతాడు పట్టుకొని ఆ మగ్గానికీ ఈ మగ్గానికీ తిరిగింది నేనే. తన ముక్కలో ఎరుపు అతుకును తాకినచోట తాడుకు ముడి వేసి పాండుకు చూపమన్నాడు మీ అన్న. చూపాను. పాండు ఏమో తాడుకు ముడే లేదంటాడు. అంటే నేను అబద్ధం చెప్తున్నట్టా? ఆ మాటతో మీ అన్నకు కోపం నషాళానికి ఎక్కింది. "తల్లసొంటి వదినెను గంత మాటంటవా" అని చెయ్యెత్తాడు. పూలమ్మ తన మొగుడు పాండును కొట్టంలోకి లాక్కుపోయింది.

నీ లెక్క ఏమిటో నీ చేత్తో రాసి పంపు. నీ మాట అయితే ఇద్దరూ వింటారు.

మీ వదినె
లక్ష్మీనర్సమ్మ


నెక్కొండ
18 జులై 1978

వదినెకు,

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. ఇంతోటి దానికి అన్నదమ్ములు చేతులెత్తుకోవడమా?

నా లెక్క గురించి మీకు అనుమానమే అక్కర్లేదు. పట్టె రెండు నిలువు పోగులు పక్కకు జరిగితే, అడ్డంగా నేసే పేకలు మూడు పైకి ఎక్కాలి. ఆ ఎక్కుడునే మేము వాలు అంటాము. ఆ వాలుతో అతుకు దాకా వచ్చేసరికి తొమ్మిది వందల తొంభై పేకలవుతుంది. అక్కడే పాండు ఎరుపు మొదలుపెట్టాలి. ఏండ్ల నుంచి పదో తరగతికి చెప్తున్న పాఠం ఇది, నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పను.

పాండు చిన్నప్పటి నుంచీ తొందర మనిషి. ఎక్కాలు అప్పజెప్పమంటే ఏడో ఎక్కం ఎగ్గొట్టి ఎనిమిదికి దుమికేవాడు, గుర్తుందా? వాడి మీద నాకేం కోపం లేదు. తప్పు ఒప్పుకుంటే మనిషి చిన్నవాడైపోడని నా మాటగా చెప్పు. అన్నను కూడా నోరు తగ్గించుకొమ్మను.

ఈ ఉత్తరం ఇద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించు.

నీ
సుగుణ


కాశిబుగ్గ
25 ఆగస్టు 1978

సుగుణా,

చదివి వినిపించాను. మీ అన్న మీసం దువ్వుకున్నాడు. పాండు తలొంచుకొని అంతా విని, "అక్క చెప్పినంక ఇంకేమున్నది. నేనే తప్పిన" అన్నాడు. వాడు గట్టిగా పోట్లాడినా బాగుండేది.

శ్రావణంలో పూలమ్మను తీసుకొని బొంబాయి దగ్గరి భీవండి పోయాడు. తన ముక్కను పరుపుచుట్టలా కట్టుకొని భుజాన వేసుకున్నాడు. మీ అన్న ముందరింట్లో మగ్గం మీద నుంచి లేవలేదు. వాళ్లు గల్లీ మలుపు తిరిగాక మాత్రం వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

భీవండిలో మగ్గాలకు కొదువ లేదు, మనవాళ్లూ చాలామంది ఉన్నారు, ఎక్కడో ఒకచోట కూర్చుంటాడులే అనుకున్నాము. నిన్న అక్కడి నుంచి వచ్చినాయన వేరే మాట చెప్పాడు. పాండు గోదాములో నూలు బస్తాలు మోస్తున్నాడట. మగ్గం ఇస్తామంటే, "పోగులు లెక్కవెట్టే పని నాతోని కాదు, నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు" అన్నాడట. తొమ్మిదో ఏట మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాడు ఆ మాట అన్నాడంటే మీ అన్న నమ్మలేదు. రెండోసారి చెప్పించుకొని విన్నాడు.

ఇంట్లో ఇప్పుడు వంట తొందరగా అయిపోతుంది. పొద్దంతా ఏం చెయ్యాలో తోచడం లేదు.

మీ వదినె


నెక్కొండ
9 సెప్టెంబరు 1978

వదినె,

ఒంట్లో బాగాలేదు, అందుకే ఆలస్యం. పెద్దగా ఏమీ లేదు, కంగారుపడకు.

ఒక చిన్న మాట. అన్న తన ముక్కలో ఎర్రపట్టెను బట్ట కొస నుంచే మొదలుపెట్టాడా, నల్లంచు దాటాక మొదలుపెట్టాడా? ఊరికే అడుగుతున్నాను. పిల్లలకు పాఠంలో ఉదాహరణగా చెప్పడానికి.

పాండు చిరునామా కూడా పంపు.

సుగుణ


కాశిబుగ్గ
14 సెప్టెంబరు 1978

సుగుణా,

అంచు లేకుండా జంపఖానా ఎవరు నేస్తారమ్మా? పక్కన అరవై పోగుల నల్లంచు, కింద తొంభై పేకల నల్లంచు. ఆ రెండు అంచులు కలిసే లోపలి మూల నుంచే ఎరుపు మొదలైంది. అదంతా నీ ముందరే అనుకున్నారు కదా.

ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వుతున్నావు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ సంగతి. ఇంతకూ నీకు ఎవరైనా ఏమైనా రాశారా? తాడు గురించి గాని, ముడి గురించి గాని? పూలమ్మ రాసిందా? రాస్తే నమ్మకు.

చిరునామా కింద రాశాను.

మీ వదినె


నెక్కొండ
5 అక్టోబరు 1978

వదినె,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కాగితం తీస్తున్నాను, మడిచి పెట్టేస్తున్నాను. ఇవాళ రాయకపోతే ఇంక రాయనని భయమేసి కూర్చున్నాను.

తప్పు పాండుది కాదు, నాది.

పోయిన నెల మొదట్లో పదో తరగతికి సరళరేఖ పాఠం మొదలైంది. రేఖ వాలు ఎంతో తెలిసి, అది పోయే ఒక్క బిందువు తెలిస్తే చాలు, రేఖ మొత్తం మన చేతిలో ఉన్నట్టే అని చెప్పి బోర్డు మీద రాశాను: y − y₁ = m(x − x₁). "ఎత్తునూ ఆ బిందువు నుంచే కొలవాలి, వెడల్పునూ ఆ బిందువు నుంచే కొలవాలి. ఒకటి అక్కడి నుంచి, ఇంకొకటి వేరే చోటి నుంచి కొలిస్తే రేఖ తప్పిపోతుంది" అన్నాను. అనేసరికి మన ఎర్రపట్టె గుర్తుకొచ్చింది. మిగతా పీరియడంతా పిల్లలను చూసి రాసుకొమ్మని కుర్చీలో కూర్చున్నాను.

మన పట్టె బయలుదేరిన బిందువు అంచుల లోపలి మూల. పక్కంచు అరవై పోగులు పోతే, అక్కడి నుంచి అతుకు దాకా ఉన్నవి ఐదు వందల నలభై పోగులే. నేను ఆ రోజు రైలు టైమైపోతోందని నోటిలెక్కగా ముక్క మొత్తం వెడల్పు, ఆరు వందలూ పట్టుకున్నాను. కిందంచు తొంభై పేకలు గుర్తుపెట్టుకొని కలిపాను. పక్కంచు తీసెయ్యడం మరిచిపోయాను. ఐదు వందల నలభై పోగులకు ఎనిమిది వందల పది పేకలు, కిందంచు తొంభై కలిపితే పాండు మొదలుపెట్టాల్సింది తొమ్మిది వందల దగ్గర. నేను చెప్పింది తొమ్మిది వందల తొంభై. మీరు వాకిట్లో చూసిన జానెడు, నేను మరిచిన అరవై పోగులకు ఎక్కువ ఎక్కిన తొంభై పేకలే.

నిన్ను అంచు గురించి అడిగింది పాఠానికి కాదు. నువ్వు "అంచు లేదు" అని రాస్తే బాగుండునని మొక్కుకున్నాను. చూడు నా బుద్ధి.

నాన్న పోయాక అన్న, తమ్ముడు రెండు మగ్గాల మీద నన్ను చదివించారు. ఆ చదువు మీది గర్వంతోనే పాండును తప్పు ఒప్పుకొమ్మని రాశాను. తెలిశాక కూడా ఇన్నాళ్లు దాచాను. దాచడానికి కారణమేమీ లేదు, సిగ్గు తప్ప. టీచరమ్మ లెక్క తప్పిందంటే నా దగ్గర ఇంకేం మిగులుతుంది అనుకున్నాను. వాడి దగ్గర ఏం మిగిలిందో ఆలోచించలేదు.

ఈ ఉత్తరం అన్నకు చదివి వినిపించు.

సుగుణ


కాశిబుగ్గ
20 అక్టోబరు 1978

సుగుణా,

వినిపించలేదు. "ఏం రాసింది?" అని మీ అన్న అడిగితే, జ్వరం తగ్గిందట అని చెప్పాను.

నీ తప్పు బయటపడితే వెనకాలే తాడు మాట కూడా బయటికి వస్తుంది. అందుకే వినిపించలేదు. నీకు చెప్తే నా గుండె కొంత తేలికవుతుందేమో.

మీ అన్న పట్టె అతుకును తాకినచోట ముడి వేశాను. అది నిజం. తాడు కొట్టంలోకి తీసుకుపోయి పాండు ముక్క పక్కన పట్టి చూశాను. ముడి దగ్గర అంతా నీలమే, ఎరుపు జాడ లేదు. ఆ ముడి దాటి నాలుగు వేళ్ల మేర నేసేశాడు. వాడు మంచినీళ్లకని లేచి బయటికి పోయాడు. ముడి విప్పేశాను. వాడు తిరిగొచ్చాక తాడు చూపించి, "పొడుగు సరిపోయింది మరిదీ" అన్నాను.

అప్పుడే చెప్తే ఆ నాలుగు వేళ్లు విప్పి మళ్లీ నేసేవాడు. ఏమీ అయ్యేది కాదు.

ఎందుకు చేశావంటావు. ఆ పొద్దున పూలమ్మ కూరలో ఉప్పు లేదని నలుగురిలో అంది. అది సాకు. నేను ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి అందరికీ వండి, అందరికంటే వెనక తింటున్నాను. వాళ్లు వేరుపడితే నా పొయ్యి నాకుంటుంది కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో నాకే లెక్కలేదు. తప్పు ఎవరిదో నాకు అప్పుడు తెలియదు. తప్పు జరుగుతోందని మాత్రం కండ్లతో చూశాను. సేటు సణుగుతాడు, వీళ్లిద్దరూ నాలుగు మాటలు అనుకుంటారు, పక్కింట్లోనే వేరే కాపురం పెడతారు, అంతే అనుకున్నాను. భీవండి నా లెక్కలో లేదు.

పాండు ముడి లేదన్నప్పుడు నా మొహంలోకి చూశాడు. మీ అన్న కేకలేసేసరికి తలొంచుకున్నాడు. ఆ చూపు నన్ను అన్నం తిననివ్వడం లేదు. ఇప్పుడు నా పొయ్యి నాకుంది.

ఇద్దరం నోరు మూసుకుందామా? నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు.

లక్ష్మీనర్సమ్మ


నెక్కొండ
26 అక్టోబరు 1978

వదినె,

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం అన్నట్టుంది మన సంగతి. నీ ఉత్తరం చదివి మొదట నీ మీద కోపం వచ్చింది. అంతకంటే ముందు కొంచెం సంతోషం వేసింది, నేనొక్కదాన్నే కాదని. ఆ సంతోషం చూసుకొని నా మీద నాకే అసహ్యం వేసింది.

నా మాట నేను పాండుకు ఇవాళే రాస్తున్నాను, ఈ రెండు ఉత్తరాలూ ఒకే డబ్బాలో వేస్తాను. నీ మాట నేను ఎవరికీ చెప్పను. అది నువ్వే చెప్పాలి, లేదా నువ్వే మొయ్యాలి.

కానీ వాడు బస్తాలు మోస్తున్నాడు వదినె.

సుగుణ


కాశిబుగ్గ
18 డిసెంబరు 1978

సుగుణా,

చెప్పాను. దీపావళి పోయాక, మీ అన్న అన్నం ముందు కూర్చున్నప్పుడు, నీదీ నాదీ కలిపి చెప్పేశాను. కంచం నెట్టేస్తాడనుకున్నాను. మొత్తం తిని, చెయ్యి కడుక్కొని, "నా చెయ్యి లేసింది ఆని మీదికి" అన్నాడు. అంతే. అప్పటి నుంచి అన్నం తనే పెట్టుకుంటున్నాడు. నా చేత పెట్టించుకోవడం లేదు. ముడి సంగతి పాండుకు నా చేతనే రాయించాడు.

పాండు జవాబు నిన్న వచ్చింది. నీకోసం అట్లాగే దించుతున్నాను:

"వదినె, ముడి ఉంటే నా తప్పు అప్పుడే దొరుకుతుండె. నువ్వు ఇప్పినవంటే బాధైంది. గాని తప్పు జేసింది నేనే కద. అక్క గూడ రాసింది, లెక్క తనే తప్పు చెప్పిన్నని. నవ్వొచ్చింది. అక్క లెక్క తప్పుతదా? అన్నదమ్ముల కలుపుదామని తన నెత్తినేసుకుంటాంది. అక్క మనసు దొడ్డది. నాకోసం గంత అబద్ధం ఆడొద్దని చెప్పు."

మీ అన్న కూడా అదే అంటున్నాడు. "సుగుణది మంచి మనసు" అని. నేను ఎంత చెప్పినా వినడు. నా పాపాన్ని రెప్పపాటులో నమ్మారు. నీది మాత్రం ఎవరూ నమ్మరు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

అదే కవర్లో పూలమ్మ ఒక ముక్క రాసింది. వాడు పడుకునే ముందు తన ముక్కను పరిచి పై మూలనే చూస్తుంటాడట. పట్టె మూలలోకి పోకుండా ఇవతలే పై నల్లంచుకు తగిలి ఆగిపోయింది, పక్కంచుకు నడుమ నీలం మిగిలింది. "ఈ మూలకు రాంగనే అనుమానమొచ్చింది, అక్క చెప్పినంక అడుగుడేందని నేసిన. నా చెయ్యి తప్పిందనడానికి గిదే సాక్ష్యం" అంటాడట.

నీ చదువులో దీనికేమైనా ఉపాయం ఉంటే చూడు. మా చేతుల్లో లేదు.

మీ వదినె


నెక్కొండ
3 జనవరి 1979

పాండూ,

నా మనసు దొడ్డదని రాశావట. కాదురా. నా మనసు ఎంతటిదో నాకు తెలుసు. సెప్టెంబరులో తెలిసిన తప్పును అక్టోబరు దాకా కడుపులో పెట్టుకున్నదాన్ని.

నా మాట నమ్మొద్దు. నన్ను నమ్మబట్టే నువ్వు ఇక్కడిదాకా వచ్చావు. ఈసారి కొలిచి చూడు.

నీ ముక్క పై మూల నీ చెయ్యి తప్పిందనడానికి సాక్ష్యం అంటున్నావట. ఆ మూలను నేను చూడలేదు. జంపఖానా దించిన రోజు నేను అక్కడ లేను. అయినా పట్టె కొసకు, పక్కంచుకు నడుమ ఎంత నీలం మిగిలిందో ఇక్కడ కూర్చొని చెప్తాను. అరవై పోగులు.

ఎట్లా తెలిసిందంటావా? నేను చెప్పిన తప్పు చోటు నుంచి, తొమ్మిది వందల తొంభై పేకల నుంచి లెక్క మొదలుపెట్టాను. రెండు పోగులకు మూడు పేకల వాలు. పైన నల్లంచు మొదలయ్యేది పదిహేడు వందల పది దగ్గర. అంటే పట్టె ఎక్కింది ఏడు వందల ఇరవై పేకలు, పక్కకు జరిగింది నాలుగు వందల ఎనభై పోగులు. అతుకు నుంచి నీ పక్కంచు దాకా ఉన్నవి ఐదు వందల నలభై. తీసేస్తే మిగిలేది అరవై.

నువ్వు నడుమ ఎక్కడైనా లెక్క తప్పి ఉంటే ఆ నీలం యాభై ఉండేది, డెబ్బై ఉండేది, ఏదైనా ఉండేది. సరిగ్గా అరవై ఎందుకుంటుంది? అరవై పోగులు దేని వెడల్పో నువ్వే చెప్పు. నేను తీసెయ్యడం మరిచిన పక్కంచుది. నేను ఎంత మరిచానో నీ చెయ్యి అంతే నేసి చూపించింది, ఒక్క పోగు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఆ ముక్క పరువు. పక్కంచును లోపలికి మడిచి, మిగిలిన నీలం మీద వెయ్యి. సరిగ్గా కప్పితే తప్పు నాది. ఒక్క పోగు అటూ ఇటూ అయితే తప్పు నీది, నువ్వు బస్తాలే మొయ్యి, నేను ఇంక ఒక్క ముక్క రాయను.

అక్క
సుగుణ


భీవండి
21 జనవరి 1979

అక్కా,

నీ ఉత్తరం పూలమ్మ చదివి వినిపిచ్చింది. అంచు మడిచి నీలం మీద ఏసిన. సరిగ్గ కప్పింది. నమ్మకం లేక పోగులు గూడ లెక్కవెట్టిన, నేనోపారి, పూలమ్మోపారి.

తప్పు నీదే.

నీ మీద శాన కోపమొచ్చింది. తప్పు ఒప్పుకొమ్మని నాకు రాసినవ్ సూడు, గది మర్సిపోను. అన్న, వదినె ముచ్చట తర్వాత. ఇంటికొస్తనో రానో ఇప్పుడే చెప్ప.

నిన్నటి సంది మగ్గం మీద కూసుంటున్న.

పాండు